సమ్మరీ జడ్జిమెంట్: సాక్షుల విచారణకు ముందే వెలువడే తీర్పు – ప్రక్రియ, పరిమితులు, పరిభాష

వ్యాససంగ్రహం

సివిల్ వ్యాజ్యంలో సాక్షులను బోనెక్కించకుండానే న్యాయస్థానం తీర్పు ఇవ్వగలిగే ప్రక్రియను సమ్మరీ జడ్జిమెంట్ అంటారు. తెలుగులో దీనిని ‘సంక్షిప్త తీర్పు’ అని అనువదిస్తే ఆ మాట తీర్పు నిడివిని సూచిస్తుందే తప్ప ప్రక్రియ స్వభావాన్ని తెలపదు. అమెరికా సమాఖ్య సివిల్ ప్రక్రియా నియమావళిలోని 56వ నియమం ఆధారంగా ఈ ప్రక్రియ నడిచే తీరును, 1986 నాటి మూడు తీర్పులు దానికి ఇచ్చిన రూపాన్ని, న్యాయమూర్తి అధికారానికి ఉన్న హద్దును వివరించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం. భారతదేశంలో వాణిజ్య వ్యాజ్యాలకు 2015 నుండి వర్తిస్తున్న ఆర్డర్ 13-ఎతో పోలిక, మితాక్షర సంప్రదాయంలోని చతుష్పాద వ్యవహార భావన వెలుగులో పరిభాషా పరిశీలన ఇందులో భాగాలు.

కీలక పదాలు: సమ్మరీ జడ్జిమెంట్, 56వ నియమం, ఆర్డర్ 13-ఎ, రుజువు భారం, చతుష్పాద వ్యవహారం, న్యాయ పరిభాష

1. ప్రస్తావన

న్యాయస్థానంలో ప్రతి వివాదానికీ రెండు రకాల ప్రశ్నలుంటాయి. ఏమి జరిగింది అన్నది మొదటిది. జరిగినదానికి చట్టం ఏ ఫలితాన్ని నిర్ణయిస్తుంది అన్నది రెండవది. మొదటి ప్రశ్నకు సమాధానం సాక్ష్యం వల్ల తేలాలి. అందుకోసం సాక్షులను పిలుస్తారు, ప్రమాణం చేయిస్తారు, ఎదుటి పక్షం న్యాయవాది అడ్డుప్రశ్నలు వేస్తాడు. రెండవ ప్రశ్న న్యాయమూర్తి చట్టపరిజ్ఞానానికి సంబంధించినది. దానికి సాక్షులతో పని లేదు.

మొదటి ప్రశ్నపై ఇరుపక్షాల మధ్య నిజమైన విభేదం లేనప్పుడు సాక్షుల విచారణ దేనికి? సమ్మరీ జడ్జిమెంట్ అనే ప్రక్రియ ఈ ప్రశ్న నుండి పుట్టింది. తేలవలసిన వాస్తవం ఏదీ లేదని ఒక పక్షం చూపగలిగితే, న్యాయస్థానం విచారణ దశను దాటవేసి నేరుగా తీర్పు చెబుతుంది. దీనివల్ల కాలమూ ధనమూ ఆదా అవుతాయి. అయితే విభేదం లేదని పొరబడితే, తన మాట చెప్పుకోవలసిన మనిషి బోనెక్కకుండానే ఓడిపోతాడు. ఈ ప్రక్రియను అర్థం చేసుకోవడమంటే ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ పడుతుందో గుర్తించడమే.

తెలుగు పాఠకుడికి ఇక్కడ పేరుతోనే చిక్కు మొదలవుతుంది. ‘సంక్షిప్త తీర్పు’ అనగానే కొద్ది పుటల తీర్పు స్ఫురిస్తుంది. నిజానికి ఇటువంటి తీర్పులు పదుల పుటలు సాగడం అసాధారణం కాదు. పైగా క్రిమినల్ చట్టంలో ‘సంక్షిప్త విచారణ’ అనే వేరొక ప్రక్రియ ఉంది. చిన్న నేరాలకు సంబంధించిన ఆ ప్రక్రియలో విచారణ కుదించబడుతుంది. సమ్మరీ జడ్జిమెంట్‌లో సాక్షుల విచారణ అసలే జరగదు. ఈ భేదాన్ని చెప్పడానికి మన సంప్రదాయంలోనే ఒక సాధనం ఉంది.

2. నాలుగు పాదాల వ్యవహారం

యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన వ్యాఖ్య మితాక్షర. పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన దీనిని విజ్ఞానేశ్వరీయము పేరుతో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఈ ధర్మశాస్త్ర సంప్రదాయంలో వ్యవహారం, అంటే వ్యాజ్యం, నాలుగు పాదాలు కలది. వాది చేసే అభియోగం భాషాపాదం. ప్రతివాది చెప్పే సమాధానం ఉత్తరపాదం. సాక్షులు, పత్రాలు మొదలైనవాటితో రుజువు చేయడం క్రియాపాదం. నిర్ణయం నాల్గవది.

ఉత్తరం కూడా నాలుగు విధాలు. ప్రోనోటుపై వేసిన దావాను ఉదాహరణగా తీసుకోవచ్చు. అప్పు తీసుకున్నది నిజమేనని, ఇంకా తీర్చలేదని ప్రతివాది ఒప్పుకుంటే అది సంప్రతిపత్తి. ఆ సంతకం తనది కాదంటే మిథ్య. అప్పు తీసుకున్న మాట నిజమే గాని తీర్చేశానంటే ప్రత్యవస్కందనం. ఇదే విషయంపై మునుపు వేసిన దావాలో వాది ఓడిపోయాడంటే ప్రాఙ్న్యాయం. మిథ్యోత్తరంలో రుజువు భారం వాదిది. ప్రత్యవస్కందన, ప్రాఙ్న్యాయాలలో ఆ భారం ప్రతివాదిది. సంప్రతిపత్తిలో మాత్రం ఎవరూ రుజువు చేయవలసినది లేదు. కాబట్టి ఆ వ్యవహారం రెండు పాదాలతోనే ముగుస్తుందని స్మృతికారులు చెప్పారు.

ఆధునిక సమ్మరీ జడ్జిమెంట్‌కు ఇది మూలమని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. ఆ రెండింటికీ చారిత్రక సంబంధం లేదు. అయితే క్రియాపాదం లేకుండా వ్యవహారం ముగియవచ్చునన్న భావన ఈ ప్రక్రియను తెలుగులో వివరించడానికి బాగా ఉపకరిస్తుంది. ఒప్పుకోలు ఉన్నప్పుడు క్రియాపాదం అక్కరలేదన్నది పాత సూత్రం. ఆధునిక ప్రక్రియ ఇంకొక అడుగు వేసింది. ప్రతివాది కాదన్నప్పటికీ, ఆ కాదనడం వెనుక ఆధారమేదీ లేకపోతే క్రియాపాదం అక్కరలేదంటుంది. అంటే మిథ్యోత్తరాన్ని సైతం పరీక్షకు పెడుతుంది. దీని బలమూ ప్రమాదమూ ఆ అడుగులోనే ఉన్నాయి.

3. 56వ నియమం: ప్రక్రియ నడిచే తీరు

ఇంగ్లండులో 1855 నాటి చట్టం ఒకటి బిల్స్ ఆఫ్ ఎక్స్‌చేంజ్ వంటి వాణిజ్య పత్రాలపై సత్వర ప్రక్రియను ప్రవేశపెట్టింది. కాదనడానికి సాకు తప్ప కారణం లేని రుణగ్రస్తులు కాలయాపన చేయకుండా నివారించడం దాని ధ్యేయం. అమెరికాలో 1938లో అమలులోకి వచ్చిన సమాఖ్య సివిల్ ప్రక్రియా నియమావళి ఈ భావనను విస్తరించింది. అందులోని 56వ నియమం అప్పుల దావాలకే పరిమితం కాదు. అన్ని రకాల సివిల్ వ్యాజ్యాలకూ, వాది ప్రతివాదులిద్దరికీ అది అందుబాటులో ఉంది.

3.1 రెండు షరతులు

ముఖ్యమైన వాస్తవం దేనిపైనా నిజమైన వివాదం లేదని, చట్టరీత్యా తీర్పు తమకే రావాలని దరఖాస్తుదారు చూపాలి. ఇందులో ‘ముఖ్యమైన’, ‘నిజమైన’ అన్న రెండు విశేషణాలు కీలకం.

ఒక దుకాణంలో తడి నేలపై జారిపడిన వ్యక్తి యజమానిపై నష్టపరిహారం కోసం దావా వేశాడనుకుందాం. ఆ రోజు అతడు తొడుక్కున్న చొక్కా రంగుపై ఎంత విభేదమున్నా ఫలితం మారదు. అది ముఖ్యమైన వాస్తవం కాదు. నేలపై నీరున్న సంగతి సిబ్బందికి ముందే తెలుసా లేదా అన్నదాన్ని బట్టి ఫలితం మారవచ్చు. అది ముఖ్యమైనది. ఇక సిబ్బందికి తెలిసే ఉంటుందని వాది ఊహ మాత్రమే చేస్తే వివాదం నిజమైనది కాదు. అరగంట ముందే ఆ సంగతి సిబ్బందికి చెప్పానని మరొక కొనుగోలుదారు ప్రమాణపూర్వకంగా చెబితే వివాదం నిజమైనదవుతుంది. ఆ సాక్షి మాట నమ్మదగినదా కాదా అన్నది ఈ దశలో తేల్చే విషయం కాదు.

3.2 దరఖాస్తు నుండి ఉత్తర్వు వరకు

అమెరికా వ్యాజ్యాలలో విచారణకు ముందు డిస్కవరీ అనే దశ ఉంటుంది. ఇరుపక్షాలు పత్రాలను ఇచ్చిపుచ్చుకుంటాయి, లిఖిత ప్రశ్నలకు జవాబులిస్తాయి, న్యాయస్థానం వెలుపల ప్రమాణపూర్వక వాంగ్మూలాలు నమోదు చేసుకుంటాయి. న్యాయస్థానం వేరొక గడువు విధించకపోతే, ఈ దశ ముగిసిన తరువాత 30 రోజుల వరకు సమ్మరీ జడ్జిమెంట్ కోరవచ్చు.

దరఖాస్తుదారు వివాదం లేవని భావించే వాస్తవాలను ఆధారాలతో సహా పేర్కొంటాడు. ఎదుటి పక్షం తన దావాపత్రంలోనో జవాబులోనో ఉన్న మాటలనే తిరిగి చెబితే సరిపోదు. వాంగ్మూలంలోని ఫలానా పుటను, ఫలానా పత్రాన్ని, ఫలానా అఫిడవిట్‌ను చూపాలి. అఫిడవిట్ ఇచ్చే వ్యక్తి తనకు స్వయంగా తెలిసిన విషయాలే చెప్పాలి. వాంగ్మూలంలో ఒకటి చెప్పి, ఓడిపోతామన్న భయంతో తరువాత అఫిడవిట్‌లో దానికి విరుద్ధంగా చెబితే న్యాయస్థానాలు సాధారణంగా దానిని పక్కన పెడతాయి.

అవసరమైన ఆధారాలు ఇంకా తన చేతికి అందలేదని ఎదుటి పక్షం కారణాలతో అఫిడవిట్ వేస్తే న్యాయస్థానం నిర్ణయాన్ని వాయిదా వేయవచ్చు, మరింత డిస్కవరీకి అవకాశమివ్వవచ్చు, దరఖాస్తును తిరస్కరించనూవచ్చు. వ్యాజ్యం మొత్తంపై కాకుండా ఒక భాగంపైనే తీర్పు కోరడానికి కూడా నియమం అనుమతిస్తుంది. దరఖాస్తు తిరస్కృతమైతే ఎవరూ గెలిచినట్లు కాదు, వ్యాజ్యం విచారణకు వెళుతుంది. మంజూరై వ్యాజ్యం పూర్తిగా ముగిస్తే అది తుది తీర్పు. దానిపై అప్పీలు చేయవచ్చు. అప్పీలు న్యాయస్థానం కింది న్యాయస్థానం అభిప్రాయానికి కట్టుబడకుండా విషయాన్ని మొదటి నుండి పరిశీలిస్తుంది.

4. 1986 నాటి మూడు తీర్పులు

56వ నియమం మాటలు ఎలా ఉన్నా, ఆచరణలో దాని స్వరూపాన్ని స్థిరపరచినవి అమెరికా సుప్రీంకోర్టు 1986లో ఇచ్చిన మూడు తీర్పులు.

మత్సుషిత వర్సెస్ జెనిత్ వ్యాజ్యంలో, జపాన్ టెలివిజన్ తయారీదారులు కుమ్మక్కై నష్టానికి అమ్ముతూ తమను మార్కెట్ నుండి తరిమేయాలని చూశారని అమెరికా తయారీదారులు ఆరోపించారు. ఏళ్ల తరబడి నష్టాలు భరించే కుట్ర ఆర్థికంగా అర్థరహితమని, అటువంటి ఆరోపణ నిలవాలంటే మామూలుకన్నా బలమైన ఆధారం కావాలని న్యాయస్థానం 5–4 ఆధిక్యంతో చెప్పింది.

ఆండర్సన్ వర్సెస్ లిబర్టీ లాబీ పరువునష్టం వ్యాజ్యం. విచారణలో వాది ఏ స్థాయి రుజువు చూపవలసి ఉంటుందో, సమ్మరీ జడ్జిమెంట్ దశలోనూ ఆ స్థాయిని దృష్టిలో ఉంచుకొనే ఆధారాలు చూడాలని ఇందులో నిర్ణయమైంది. అదే తీర్పు న్యాయమూర్తికి హద్దు కూడా గీసింది. సాక్ష్యాన్ని తూచడం, సాక్షుల విశ్వసనీయతను నిర్ణయించడం జ్యూరీ పని. దరఖాస్తును ఎదుర్కొంటున్న పక్షం సాక్ష్యాన్ని నిజమనే అనుకోవాలి, న్యాయమైన అనుమితులన్నీ ఆ పక్షానికి అనుకూలంగానే చేయాలి.

సెలోటెక్స్ వర్సెస్ కాట్రెట్‌లో, ఆస్‌బెస్టాస్ ప్రభావం వల్ల తన భర్త మరణించాడని ఒక మహిళ పలు కంపెనీలపై దావా వేసింది. అతడు తమ ఉత్పత్తుల ప్రభావానికి గురయ్యాడనడానికి ఆధారం లేదని సెలోటెక్స్ సమ్మరీ జడ్జిమెంట్ కోరింది. ఎదుటి పక్షం వాదనను ఖండించే సాక్ష్యాన్ని దరఖాస్తుదారు తేనక్కరలేదని, రుజువు భారం మోసే పక్షం వద్ద ఆధారం లేదని చూపితే చాలునని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వ్యాజ్యం తిరిగి అప్పీలు న్యాయస్థానానికి వెళ్లగా, 1987లో ఆ న్యాయస్థానం ఆమె చూపిన ఆధారాలు విచారణకు సరిపోతాయనే అభిప్రాయపడింది. సూత్రంలో కంపెనీ గెలిచింది, కాని విచారణ కోరే హక్కు ఆమెకు మిగిలింది.

స్మృతి పరిభాషలో చెప్పాలంటే, క్రియాభారం ఎవరిదో వారే క్రియకు సరిపడే సామగ్రి తమ వద్ద ఉందని ముందుగా చూపాలన్నది సెలోటెక్స్ సారం.

5. తూచకూడని త్రాసు: రెండు ఉదాహరణలు

న్యాయమూర్తి సాక్ష్యాన్ని తూచకూడదన్న సూత్రం చెప్పడానికి సులువు, పాటించడానికి కష్టం. సుప్రీంకోర్టు నిర్ణయించిన రెండు వ్యాజ్యాలు దీనిని స్పష్టం చేస్తాయి. రెండింటిలోనూ పౌరులు పోలీసు అధికారులపై దావా వేశారు.

స్కాట్ వర్సెస్ హారిస్ 2007 నాటిది. జార్జియా రాష్ట్రంలో వేగంగా పారిపోతున్న కారును ఒక పోలీసు అధికారి తన వాహనంతో ఢీకొట్టి ఆపాడు. చోదకుడు శాశ్వతంగా పక్షవాతానికి గురయ్యాడు. ఇతరులకు ప్రమాదం కలిగేలా తాను నడపలేదన్నది అతని వాదన. పోలీసు వాహనంలోని కెమెరా చిత్రించిన వీడియో ఆ కథనాన్ని పూర్తిగా తోసిపుచ్చుతోందని, సహేతుకమైన జ్యూరీ ఏదీ దానిని నమ్మదని ఎనిమిది మంది న్యాయమూర్తులు అన్నారు. జస్టిస్ స్టీవెన్స్ ఒక్కరే విభేదించారు. అదే వీడియో చూసిన కింది న్యాయమూర్తులు వేరొక నిర్ణయానికి వచ్చినప్పుడు అది జ్యూరీ తేల్చవలసిన విషయమేనన్నది ఆయన వాదం. దాదాపు 1350 మంది అమెరికన్లకు ఆ వీడియోను చూపి జరిపిన అధ్యయనం ఒకటి 2009లో హార్వర్డ్ లా రివ్యూలో ప్రచురితమైంది. ఎక్కువ మంది సుప్రీంకోర్టుతో ఏకీభవించినా, వీక్షకుల సామాజిక నేపథ్యాన్ని, దృక్పథాన్ని బట్టి అభిప్రాయాలు గణనీయంగా మారాయని అది చూపింది. కంటికి కనబడేది కూడా చూసేవారిని బట్టి ఉంటుందని దీని సారాంశం.

టోలన్ వర్సెస్ కాటన్ 2014 నాటిది. టెక్సస్‌లో 2008 డిసెంబరు 31 తెల్లవారుజామున, కారు దొంగిలించినదని పొరబడిన పోలీసులు ఒక నిరాయుధ యువకుణ్ణి అతని తల్లిదండ్రుల ఇంటి ముందే కాల్చారు. వాకిట్లో వెలుతురు ఎంత ఉంది, అతని తల్లి ప్రశాంతంగా ఉందా ఆవేశంగా ఉందా, అతడన్న మాటలు బెదిరింపా కాదా, అతడు మోకాళ్లపై ఉన్నాడా లేచి నిలబడ్డాడా అన్న ప్రతి అంశంపైనా ఇరుపక్షాల సాక్ష్యం వేరువేరుగా ఉంది. అప్పీలు న్యాయస్థానం పోలీసుల కథనాన్ని స్వీకరించి వారికే తీర్పు ఇచ్చింది. ఎదుటి పక్షం సాక్ష్యాన్ని నిజమనుకోవాలన్న మూలసూత్రాన్ని ఇది విస్మరించిందంటూ సుప్రీంకోర్టు ఆ తీర్పును రద్దు చేసి పునఃపరిశీలనకు పంపింది.

ఈ రెండింటినీ పక్కపక్కన పెడితే గీత ఎంత సన్ననిదో తెలుస్తుంది. మొదటి దానిలో వీడియో ఉంది, రెండవ దానిలో మనుషుల మాటలే ఉన్నాయి. మాటకు మాట ఎదురైన చోట విచారణ తప్పదు. కొంత మొత్తానికి మించిన వ్యాజ్యాలలో జ్యూరీ విచారణ హక్కుకు అమెరికా రాజ్యాంగపు ఏడవ సవరణ హామీ ఇస్తుంది. ఆ మొత్తం 20 డాలర్లు మాత్రమే. సమ్మరీ జడ్జిమెంట్ ఈ సవరణకే విరుద్ధమని వాదించిన న్యాయశాస్త్ర ఆచార్యులున్నారు. న్యాయస్థానాలు మాత్రం ఈ వాదాన్ని అంగీకరించలేదు. జ్యూరీ ఉన్నది వాస్తవాలను తేల్చడానికి కాబట్టి, తేల్చవలసిన వాస్తవం లేనప్పుడు జ్యూరీ హక్కుకు భంగం లేదన్నది వాటి సమాధానం.

6. భారతదేశంలో ఆర్డర్ 13-ఎ

మన 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఈ భావనకు దగ్గరైన ఏర్పాట్లు మొదటి నుండీ ఉన్నాయి. ఒప్పుకోలుపై తీర్పు ఇచ్చే ఆర్డర్ 12లోని 6వ నియమం అచ్చంగా సంప్రతిపత్తి సూత్రమే. బిల్లులు, హుండీలు, ప్రోనోట్ల వంటివాటిపై వేసే సమ్మరీ దావాలకు ఆర్డర్ 37 ఉంది. వీటిలో ప్రతివాదికి వాదించే హక్కు దానంతట అది రాదు, న్యాయస్థానం అనుమతి పొందాలి. తేల్చవలసిన అంశాలున్నాయని చూపితే అనుమతి లభిస్తుంది. వాదన చిత్తశుద్ధిపై సందేహముంటే కొంత సొమ్ము జమ చేయాలన్న షరతుతో అనుమతి ఇవ్వవచ్చు.

పూర్తి అర్థంలో సమ్మరీ జడ్జిమెంట్ 2015 నాటి వాణిజ్య న్యాయస్థానాల చట్టంతో వచ్చింది. ఆ చట్టం వాణిజ్య వ్యాజ్యాల కోసం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 13-ఎను చేర్చింది. చట్టం వర్తించడానికి తొలుత ఒక కోటి రూపాయలుగా ఉన్న కనీస విలువ 2018 సవరణతో మూడు లక్షలకు తగ్గింది. దీంతో పెద్ద కంపెనీలకే కాక చిన్న వ్యాపారులకు కూడా ఈ నియమం సంబంధించినదైంది. ఆర్డర్ 37 కింద సమ్మరీ దావాగా వేసినదానిలో ఆర్డర్ 13-ఎ దరఖాస్తు చెల్లదు.

ఇక్కడి ప్రమాణం అమెరికాది కాదు, ఇంగ్లండు నియమావళిని అనుసరించినది. వాదికి గెలిచే వాస్తవమైన అవకాశం లేదని, లేదా ప్రతివాదికి దావాను ఎదుర్కొని నిలిచే వాస్తవమైన అవకాశం లేదని న్యాయస్థానం భావించాలి. మౌఖిక సాక్ష్యం నమోదు చేయకముందే వ్యాజ్యాన్ని ముగించకుండా ఆపే ప్రబలమైన ఇతర కారణమూ ఉండకూడదు. ప్రతివాదికి సమన్లు అందిన తరువాత, వివాదాంశాలు నిర్ధారించక ముందు దరఖాస్తు వేయాలి. విచారణ తేదీ గురించి ఎదుటి పక్షానికి కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సమన్లే పంపకుండా, దరఖాస్తే లేకుండా దావాను కొట్టివేయడం ఈ ఆర్డర్ కింద చెల్లదని బ్రైట్ ఎంటర్‌ప్రైజెస్ వర్సెస్ ఎంజే బిజ్‌క్రాఫ్ట్ వ్యాజ్యంలో 2017లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం స్పష్టం చేసింది.

రెండు విధానాల మధ్య మూడు భేదాలు గమనించదగినవి. ఒకటి, కాలం. అమెరికాలో ఈ దరఖాస్తు సాధారణంగా డిస్కవరీ ముగిశాక వస్తుంది, మన వద్ద వివాదాంశాల నిర్ధారణకు ముందే వస్తుంది. ఈ లోటును పూరించడానికే కాబోలు, వాణిజ్య వ్యాజ్యాలలో తమ వద్దనున్న సంబంధిత పత్రాలన్నిటినీ దావాపత్రంతోనూ జవాబుతోనూ జతపరచాలని చట్టం నిర్దేశించింది. రెండు, ఫలితం. దావా గాని, ఎదురువాదన గాని నెగ్గడం సాధ్యమే అయినా సంభావ్యం కాదనిపించినప్పుడు సొమ్ము జమ చేయించడం వంటి షరతులతో ఉత్తర్వు ఇచ్చే మధ్యేమార్గం ఆర్డర్ 13-ఎలో ఉంది. మూడు, నిర్ణేత. మన సివిల్ వ్యాజ్యాలలో జ్యూరీ లేదు. ఈ రోజు సమ్మరీ జడ్జిమెంట్ దరఖాస్తు వినే న్యాయమూర్తే రేపు వాస్తవాలనూ తేలుస్తాడు.

ఈ మూడవ భేదం అన్నిటికన్నా లోతైనది. అమెరికాలో త్రాసు జ్యూరీ చేతిలో ఉంది కాబట్టి న్యాయమూర్తి దానిని ముట్టకూడదు. మన వద్ద త్రాసు ఎప్పుడూ న్యాయమూర్తి చేతిలోనే ఉంది కాబట్టి ముందుగానే తూచాలన్న ఆకర్షణ ఎక్కువ. ఇక్కడ పౌరుడు కోల్పోయేది జ్యూరీని కాదు, అడ్డుప్రశ్నలు వేసే అవకాశాన్ని. పత్రంలో నిలకడగా కనిపించే కథనం బోనులో తడబడవచ్చు. పత్రాలు భద్రపరచుకొనే అలవాటున్న పెద్ద సంస్థకూ, నోటిమాటపై సరుకు ఇచ్చిన చిన్న వర్తకుడికీ మధ్య వ్యాజ్యం నడిస్తే, మౌఖిక సాక్ష్యం లేకుండా ముగించడం వల్ల నష్టం ఎవరికో ఊహించవచ్చు. ‘ప్రబలమైన ఇతర కారణం’ అన్న షరతు న్యాయస్థానం ఇటువంటి వ్యత్యాసాన్ని గమనించడానికి తావిస్తుంది.

7. పరిభాష గురించి

ఈ పరిశీలన తరువాత పేరు విషయానికి తిరిగి రావచ్చు. ‘సంక్షిప్త తీర్పు’ అన్నది నిడివిని చెబుతుంది గాని ఏది తొలగిందో చెప్పదు. ‘విచారణరహిత తీర్పు’ అంటే వేరొక చిక్కు ఉంది. తెలుగులో విచారణ అన్న మాట సాక్షుల విచారణకూ, వాదనలు వినడానికీ, పోలీసు దర్యాప్తులోని ప్రశ్నలకూ వాడతాం. ఈ దరఖాస్తుపై వాదనలు వింటారు కాబట్టి ‘విచారణరహిత’ అనడం అపార్థానికి దారితీస్తుంది. ఆర్డర్ 13-ఎ సైతం మౌఖిక సాక్ష్యం నమోదు కాకముందు అనే అంటుంది. కాబట్టి వివరణాత్మకంగా ‘సాక్షి విచారణకు పూర్వ తీర్పు’ అనడం అర్థానికి దగ్గరగా ఉంటుంది. పరిభాష స్థిరపడేవరకు సమ్మరీ జడ్జిమెంట్ అన్న మాటనే ఉంచి, తొలి ప్రయోగంలో ఈ వివరణ జతపరచడం పాఠకుడికి మేలు.

8. ఉపసంహారం

సమ్మరీ జడ్జిమెంట్‌ను సత్వర న్యాయానికి సాధనంగా మాత్రమే చూడడం అసంపూర్ణమైన దృష్టి. ఎవరు చెప్పేది నిజమన్నది ఈ దశలో న్యాయస్థానం అడగవలసిన ప్రశ్న కాదు. తేల్చవలసినది ఏమైనా ఉందా అన్నదే అడగాలి. ఊహలపై నిలిచిన దావాను, సాకులపై నిలిచిన ఎదురువాదనను మొదటనే ఆపగలగడం ఈ ప్రక్రియ ప్రయోజనం. ఆ రెండవ ప్రశ్న మెల్లగా మొదటి ప్రశ్నగా మారిపోవడం దీని ప్రమాదం. టోలన్ వ్యాజ్యంలో సరిదిద్దినది ఆ జారుపాటునే. జ్యూరీ లేని మన వ్యవస్థలో దానిని గుర్తించడం మరింత కష్టం కాబట్టి, ఆర్డర్ 13-ఎ కింద వెలువడే ప్రతి ఉత్తర్వూ ఏ వాస్తవంపై వివాదం లేదని భావించిందో, ఎందుకు భావించిందో విడివిడిగా చెప్పడం అవసరం. క్రియాపాదాన్ని తొలగించినప్పుడు దానికి కారణం చెప్పవలసిన బాధ్యత నిర్ణయపాదంపై పడుతుంది.